సందేహాలు – సమాధానాలు: గిజిగాడు గూడు అల్లాడా, అల్లిందా?

సందేహం: కొల్లేటి చుట్టుపక్కల పక్షులను చూసే మిత్రులం కొందరం ఉన్నాం. ఎవరికి ఏ పిట్ట కనిపించినా, ఎక్కడ, ఎన్ని, ఏం చేస్తున్నాయి అని తెలుగులోనే రాసి మిగతావారికి పంపుకుంటాం. మొన్న నేను ‘గిజిగాడు ఈతచెట్టుకు గూడు అల్లుతున్నాడు’ అని రాస్తే, ఒక మిత్రుడు ‘అల్లుతోంది’ అని దిద్దారు. పేరు చివర ‘గాడు’ ఉంది. పైగా గూడు అల్లేది మగపక్షే. నా వాక్యంలో తప్పేముంది? పసులపోలిగాడి విషయంలోనూ మాలో ఇదే తగవు. – ఒక పాఠకుడు, కైకలూరు

సమాధానం: మీ మిత్రుడు దిద్దినదే సరైనది. ‘గిజిగాడు గూడు అల్లుతోంది’ అనే రాయాలి. అయితే మీరు చూపిన రెండు కారణాలూ తోసిపారేయదగ్గవి కావు. వాటిని విడివిడిగా చూద్దాం.

ముందు పేరు సంగతి. క్రియ చివర ‘డు’ రావాలా ‘ది’ రావాలా అన్నది కర్త అర్థాన్ని బట్టి తేలుతుంది, కర్తృపదం చివరి అక్షరాన్ని బట్టి కాదు. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి స్త్రీలను, తిర్యక్కులను, జడాలను మినహాయించి, మిగిలినవాటినే మహత్తులు, అంటే క్రియ చివర ‘డు’ వచ్చేవి, అన్నారు. పశుపక్ష్యాదులన్నీ తిర్యక్కులే, కాబట్టి పేరు ఎలా ముగిసినా అమహత్తులే, వాటికి ‘ది’యే వస్తుంది. పూరేడు పేరూ ‘డు’తోనే ముగుస్తుంది. ‘పూరేడు పొదలోంచి లేచాడు’ అని ఎవరూ అనరు కదా! గిజిగాడి దగ్గర మాత్రం మనం తడబడేది ఆ ‘గాడు’ వల్ల. వేటగాడు, మొనగాడు అని మనుషులకు వాడి వాడి, ఆ ప్రత్యయం వినగానే ‘వాడు’ మనసులోకి వచ్చేస్తాడు.

సూర్యుడు ఉదయించాడు అంటున్నాం కదా అని అడగవచ్చు. సూర్యచంద్రులను దేవతలుగా తలచిన నుడికారం అది. పక్షుల్లోనూ ఇదే తేడా కనిపిస్తుంది. కొల్లేటి మీద తిరిగే గరుడపక్షి చేపను తన్నుకుపోయింది అంటాం. విష్ణువు వాహనమైన గరుత్మంతుడు అమృతకలశం తెచ్చాడు అంటాం. చిన్నయసూరే తన నీతిచంద్రికలో పావురాల రాజును చిత్రగ్రీవుడన్నారు. పేరు పెట్టుకొని, ఆలోచించి మాట్లాడే పావురం కథలో మనిషితో సమానం. మీ పెరట్లోకి రోజూ వచ్చే ఒక గోరువంకకు మీరు ముద్దుపేరు పెట్టుకొని ‘మావాడు వచ్చాడు’ అన్నా నాకు అభ్యంతరం లేదు, అది ఆప్యాయత. కానీ మీరు మిత్రులకు పంపేది ఒక జాతి పక్షిని గురించిన సమాచారం. అక్కడ జాతిపేరుకు తగిన క్రియే ఉండాలి.

ఈ చిక్కు పాత గద్యంలో ఇంతగా ఎదురుకాలేదు. గ్రాంథికంలో భూతకాల ఏకవచనానికి అందరికీ ఒకే రూపం: అతఁడు వచ్చెను, ఆమె వచ్చెను, అది వచ్చెను. ‘గిజిగాడు గూడు నల్లెను’ అని రాసినవారికి లింగం తేల్చుకోవలసిన పనే పడలేదు. వ్యావహారికంలో అల్లాడు, అల్లింది అని రెండు రూపాలు ఉండడంతో భూతకాలంలోనూ ఏదో ఒకటి ఎంచుకోక తప్పడం లేదు.

ఇక మగపక్షి అన్న వాదన. కోడిపుంజు కూసింది, ఎద్దు రంకె వేసింది. రెండూ మగవే, రెండింటికీ ‘ది’యే. తిర్యక్కుల విషయంలో తెలుగు క్రియ ఆడామగా తేడా చెప్పదు. మీవంటి పక్షిప్రియులకు ఇది మేలు చేసే నియమమని నా నమ్మకం. వానకాలంలో గూళ్ళు కట్టే వేళ మగ గిజిగాడి నడినెత్తి, రొమ్ము పసుపుపచ్చగా మెరుస్తాయి, ముఖానికి నల్లని ముసుగు వేసినట్టు ఉంటుంది. ఆ రుతువు దాటితే ఆడదీ మగదీ ఒకలాగే, ఇంచుమించు ఆడ ఊరపిచ్చుకలాగే కనిపిస్తాయి. పశువుల వెంట తిరుగుతూ, వాటి కాళ్ళకు లేచిన పురుగులను పట్టే పసులపోలిగాడిలోనైతే ఏడాది పొడుగునా ఆడామగా తేడా కంటికి తెలియదు. ‘పోలిగాడు గేదె వీపు మీద కూర్చున్నాడు’ అని రాస్తే, మీరు చూసి పోల్చుకోలేని సంగతిని చెప్పినట్టు అవుతుంది. మగదని తెలిసినప్పుడు ‘మగ’ అనే రాయండి. తెలియనప్పుడు ‘కూర్చుంది’ చాలు.

క్రియ అర్థం వెంట పోయినా, విభక్తి రూపాలు మాత్రం పదం చివరి అక్షరం వెంటే పోతాయి. అందువల్ల వేటగాణ్ణి, వేటగాడి, వేటగాళ్ళు అన్నట్టే గిజిగాణ్ణి, గిజిగాడి, గిజిగాళ్ళు. కొందరు రాస్తున్న ‘గిజిగాడులు’ తెలుగు చెవికి ఇంపుగా లేదు. ‘గూడు చూశాను’ అనవచ్చు, గూడు జడం కనుక ‘ను’ లేకపోయినా సరిపోతుంది. ‘గిజిగాడు చూశాను’ అంటే చూసింది గిజిగాడే అవుతుంది! ‘గిజిగాణ్ణి చూశాను’ అనాలి. లెక్క చెప్పేటప్పుడు ‘పన్నెండు గిజిగాళ్ళు’ అనండి, ‘పన్నెండుమంది’ వద్దు. ‘ఒకడు ఎగిరిపోయాడు’ బదులు ‘ఒకటి ఎగిరిపోయింది’.

మీరు అడగకపోయినా రేపు మీ మధ్య రాబోయే తగవు ఇంకొకటి ఉంది: ‘ఆడ గిజిగాడు’ అనవచ్చా? నిస్సంకోచంగా అనవచ్చు. ఆటకత్తె, పాటకత్తె చూసి ‘గిజిగత్తె’ అని కొత్తమాట పుట్టించనక్కరలేదు. గిజిగాడు జాతిపేరు, ముందు ఆడ, మగ చేర్చితే సరిపోతుంది. మీరు చూసినది ఇలా రాసి పంపవచ్చు: ‘ఈ ఉదయం కాలువగట్టు ఈతచెట్టుకు సగం అల్లిన గిజిగాడి గూళ్ళు మూడు. మగవి వాటికి వేలాడుతూ, రెక్కలు కొట్టుకుంటూ పిలుస్తున్నాయి. ఒక ఆడ గిజిగాడు రెండు గూళ్ళు చూసి వదిలేసి, మూడోదానిలో దూరింది.’