గొడుగు తుంగకు రెండంగుళాల నీళ్లు

ప్రశ్న: మేడ మీద 12 అంగుళాల కుండీలో అంబ్రెల్లా పామ్ ఉంది. రోజూ ఉదయం బోరు నీళ్లు పోస్తున్నాం. అయినా ఏప్రిల్ నుంచి కొసలు గోధుమ రంగుకు తిరిగి ఎండుతున్నాయి. ఎందుకు?
– పాఠకురాలు, నల్గొండ

జవాబు: నర్సరీల్లో పామ్ అని అమ్ముతారు గానీ ఇది తాటి కుటుంబం కాదు, మన తుంగకు చుట్టం. మడగాస్కర్, తూర్పు ఆఫ్రికా చిత్తడి నేలల్లో పుట్టిన మొక్క. అందుకే ‘పైమట్టి ఆరాక నీళ్లు పోయండి’ అని మిగతా కుండీలకు చెప్పే మాట దీనికి అసలు పనికిరాదు. ఉదయం పోసిన నీళ్లు మేడ ఎండకు మధ్యాహ్నానికే ఇగిరిపోతాయి. వేళ్లు ఒక్క పూట ఎండినా ముందు మాడేది కొసలే. కుండీని వెడల్పాటి టబ్బులో పెట్టి, అడుగున రెండంగుళాల నీళ్లు ఎప్పుడూ నిలిచేలా చూడండి. దోమ గుడ్డు పెద్ద దోమ కావడానికి వేసవిలో వారం చాలు కాబట్టి, ఐదు రోజులకోసారి టబ్బు వంచేసి, అంచులు రుద్ది కడిగి మళ్లీ నింపండి. మే నెలలో మధ్యాహ్నపు ఎండ తగలని చోటికి జరపండి.

తడి ఉన్నా కొసలు ఎండుతూ, కుండీ అంచున తెల్లటి పొర కడుతోందంటే బోరు నీళ్లలోని ఉప్పులు మట్టిలో పేరుకున్నట్టే. నెలకోసారి కుండీని టబ్బులోంచి తీసి, ఒకటి రెండు బకెట్ల వాన నీళ్లో మంచినీళ్లో పైనుంచి నెమ్మదిగా పోసి కిందికి కారిపోనివ్వండి. మట్టిలో వేలు దిగనంతగా వేళ్లు కిక్కిరిస్తే తొలకరికి దుబ్బును కత్తితో రెండు మూడు ముక్కలు చేసి వేరువేరుగా నాటండి. ఎండిన కొస మళ్లీ పచ్చబడదు. పూర్తిగా పసుపెక్కిన కాడను మొదలంటా కోసేస్తే పక్కనుంచి కొత్త పిలక లేస్తుంది.

ప్రశ్న: ఈ మొక్క కాడ చివర గొడుగులా విచ్చుకునే ఆకుల గుత్తిని తలకిందులుగా నీళ్లలో వేస్తే మొక్క వస్తుందన్నారు. మాది కుళ్లిపోయింది.
– పాఠకుడు, తెనాలి

జవాబు: ఆకుల్ని కత్తిరించకుండా ముంచి, నీళ్లు మార్చకపోతే అలాగే కుళ్లుతుంది. బాగా విచ్చుకున్న పచ్చటి గొడుగును రెండంగుళాల కాడతో కోయండి. ఆకుల్ని సగానికి కత్తిరించి, కాడ పైకి ఉండేలా, గొడుగు నడిబొడ్డు నీటిని తాకేలా బోర్లించండి. నీడలో ఉంచి మూడు రోజులకోసారి నీళ్లు మార్చండి. రెండు మూడు వారాల్లో ఆ నడిబొడ్డు నుంచే వేళ్లూ పిలకలూ వస్తాయి. పిలక నాలుగంగుళాలయ్యాక నాటండి. మట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు చాలు. పచ్చి పేడ నిలవ నీటిలో కుళ్లి వేళ్లను నల్లబరుస్తుంది. కొబ్బరి పొట్టు నీటిపై తేలిపోతుంది, వాడొద్దు.

ప్రశ్న: పొలంలో తుంగలా ఇదీ పెరడంతా పాకుతుందా?
– పాఠకుడు, మెదక్

జవాబు: అంత మొండిది కాదు. కలుపు తుంగ నేలలోపల గడ్డల మీద గడ్డలు వేసుకుంటూ పోతుంది, పైన పీకితే గడ్డ లోపలే ఉండిపోతుంది. దీనికి అలాంటి గడ్డలుండవు, దుబ్బు పక్కలకు లావెక్కుతుందంతే. అయితే తడి నేలలో విత్తనం పడితే మొలుస్తుంది. పూలగుత్తులు గోధుమ రంగుకు తిరగక ముందే తుంచేయండి. విడదీసిన దుబ్బుల్ని మాత్రం కాలువలోనో చెరువులోనో పారేయకండి, అక్కడ వేళ్లూని నీటిదారిని కమ్మేస్తాయి. ఎండబెట్టి కంపోస్టు గుంతలో వేయండి.