కోల్డ్ ఫ్యూజన్ మార్కెట్లోకి రాకుండా ఆయిల్ కంపెనీలు తొక్కేశాయా?

లేదండీ, కోల్డ్ ఫ్యూజన్, అంటే గది ఉష్ణోగ్రతలోనే అణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించడం, రుజువు దగ్గరే ఆగిపోయింది. 1989 మార్చి 23న అమెరికాలోని యూటా యూనివర్సిటీలో పాన్స్, ఫ్లైష్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్తలు ప్రెస్‌మీట్ పెట్టి, భారజలంలో (బరువైన హైడ్రోజన్ ఉండే నీటిలో) పల్లాడియం కడ్డీ ముంచి కరెంటు పంపితే ఇచ్చినదానికంటే ఎక్కువ వేడి వస్తోందని, అది కేంద్రక సంలీనమేనని (ఫ్యూజనేనని) ప్రకటించేశారు. నిజంగా సంలీనమే అయితే అంత వేడికి న్యూట్రాన్లు కుప్పలుగా రావాలి, పక్కన నిలబడ్డవాళ్ల ప్రాణానికే ముప్పు. అలాంటిదేమీ జరగలేదు. పేరున్న ల్యాబుల్లో మళ్లీ చేసి చూస్తే చాలాచోట్ల ఆ అదనపు వేడే లేదు. పూర్తి వివరాలు బయటపెట్టకముందే ప్రెస్‌మీట్ పెట్టడం నా దృష్టిలో పెద్ద తప్పు, ఎందుకంటే పరాయివాళ్లు తమ మీటర్లతో కొలిచి ఒప్పుకోని యంత్రానికి ఏ ఇన్వెస్టరూ ఫ్యాక్టరీ కట్టడు. గూగుల్ డబ్బు పెట్టి చేయించిన పరిశోధన కూడా 2019లో ఆధారం దొరకలేదనే చెప్పింది, కాకపోతే వేడిని కొలిచే పరికరాలు మాత్రం మెరుగయ్యాయి.