డ్రైవర్ లేని కార్లు మంచివా, ప్రమాదమా? ఒక ఆర్టీసీ డ్రైవర్ కూతురిగా నా జవాబు

డ్రైవర్ లేని కారు ఎక్కాలంటే భయం వెయ్యదా, మన దేశంలోకి వస్తే మంచిదేనా అని అడిగారు కదా. మేం ఉండేది అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని చాండ్లర్‌లో, ఇక్కడ 2020 నుంచే వేమో అనే కంపెనీ టాక్సీ కార్లు డ్రైవర్ సీటు ఖాళీగా జనాన్ని ఎక్కించుకుని తిరుగుతున్నాయి. నాకు వాటితో భయం లేదు. భయమంతా సగం కారు, సగం మనిషి నడిపే బళ్ళతోనే.

మా నాన్న నరసరావుపేట డిపోలో 31 ఏళ్ళు డ్రైవర్. షుగర్‌తో చూపు తగ్గి స్టీరింగ్ వదిలేశాడు. ఇక్కడికొచ్చాక పగలంతా ఒక్కడే ఇంట్లో, మేమేమో ఆఫీసుల్లో, మా వీధి దరిదాపుల్లో బస్సే లేదు (ఇంత డబ్బున్న దేశంలో పెద్దవాళ్ళు కూరగాయలకి వెళ్ళాలన్నా పిల్లలకి ఖాళీ దొరకాలి, దీని గురించి ఎవరూ మాట్లాడరు). ఒక శనివారం వేమో బుక్ చేసి నాన్నని ముందు సీట్లో కూర్చోబెట్టా. పక్కన స్టీరింగ్ దానంతటదే తిరుగుతుంటే ఆయన కుడికాలు లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది. స్టాప్ బోర్డు దగ్గర చుట్టూ పిట్ట కూడా లేదు, అయినా బండి పూర్తిగా ఆగి కదిలింది. ఎడమకి తిరగాల్సిన చోట ఎదురొచ్చే బళ్ళన్నీ పోయేదాకా ఓపిగ్గా నిలబడింది. "అమ్మాయ్, దీనికి తొందర లేదే" అన్నాడు. కాసేపాగి "నిద్ర కూడా రాదుగా" అన్నాడు. హైదరాబాద్ నైట్ సర్వీసులో రెండు దాటాక కళ్ళు మూతలు పడుతుంటే మిర్యాలగూడలో బండి ఆపి మొహం కడుక్కునేవాడట, ఇన్నేళ్ళలో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత వారం లైబ్రరీకి ఒక్కడే వెళ్ళొచ్చాడు.

మరి ప్రమాదం లేదా అంటే, ఉంది. మా పక్కూరు టెంపీలోనే 2018 మార్చిలో ఉబర్ వాళ్ళు పరీక్షిస్తున్న, దానంతటదే నడిచే వోల్వో కారు, రాత్రిపూట సైకిల్ తోసుకుంటూ రోడ్డు దాటుతున్న ఒకావిడని గుద్ది చంపేసింది. ఐదు సెకన్లకి పైగా ముందే సెన్సర్లు ఆవిడని పట్టుకున్నాయి, కానీ ఎదురుగా ఉన్నది బండా, సైకిలా, ఇంకేదైనానా అని సిస్టమ్ మాటిమాటికీ మార్చుకుంటూ పోయింది. కంప్యూటర్ నడిపేటప్పుడు ఆ వోల్వోకి సొంతంగా ఉండే ఎమర్జెన్సీ బ్రేకు పనిచెయ్యకుండా ఆపేశారు కూడా. అన్నిటికంటే ముఖ్యం, ఆ కార్లో డ్రైవర్ సీటు ఖాళీగా లేదు! కనిపెట్టి చూడమని కూర్చోబెట్టిన మనిషి ఫోన్ చూస్తోంది. మా ఆఫీసులో ఒకాయన కూడా అంతే, కారుని దానంతటదే నడిచే మోడ్‌లో పెట్టి హైవే మీద ఇడ్లీ తింటాడు, ఆయనతో వెళ్ళడం మానేశా. మనిషి నడుపుతుంటే మిషను కాపలా కాయగలదు గానీ, గంటలకొద్దీ మిషను నడుపుతుంటే మనిషి కాపలా కాయడం అయ్యే పని కాదు.

మన దేశం సంగతంటారా, డ్రైవర్ల ఉద్యోగాలు పోతాయి కాబట్టి రానివ్వనని కేంద్ర రోడ్డు రవాణా మంత్రిగా గడ్కరీ గారు 2023లోనే గట్టిగా చెప్పారు. నాన్నదీ అదే మాట, ఆ జీతాల మీద డిపోలో ఎన్ని ఇళ్ళు నిలబడ్డాయో ఆయన చూశాడు. నేనూ కాదనను. కానీ డ్రైవర్ని సీట్లోనే ఉంచి, ఆయన కళ్ళు మూతపడితే పసిగట్టి అరిచే మిషను, అడ్డమొస్తే దానంతటదే పడే బ్రేకు, ఇవి రాత్రి బస్సులన్నిటికీ పెట్టాలి, ముందు ఆ పని చెయ్యండి.