ఐదు సాఫ్ట్‌వేర్లకు 60 వేలు కట్టే ముందు

ప్రశ్న: మాది కాకినాడ. కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి ఎం.టెక్ స్ట్రక్చర్స్ ఆఖరి సెమిస్టర్‌లో ఉంది. సెల్ టవర్లు, పోల్స్ డిజైన్ చేసే కంపెనీలో చేరాలని తన కోరిక. కట్టడాల బలం లెక్కేసే స్టాడ్ ప్రో సాఫ్ట్‌వేర్ వచ్చు. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు టవర్లకు స్టాడ్ పనికిరాదు, మూడు నెలల్లో ఐదు సాఫ్ట్‌వేర్లు నేర్పిస్తాం, 60 వేలు కట్టండి అంటున్నారు. కట్టమంటారా? అసలు ఏది నేర్చుకుంటే మంచిది? తను టవర్లు ఎక్కాల్సి వస్తుందా?

జవాబు: కట్టకండి. కనీసం ఇప్పుడే కట్టకండి.

ముందు మీ అమ్మాయిని ఒక్క సంగతి తేల్చుకోమనండి: ఏ దేశపు టవర్ల మీద పని చేయాలనుకుంటోంది? మనవాళ్ల టవర్లా, అమెరికా టవర్లా? హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా టవర్లు చేసే ఆఫీసులు ఉన్నాయి, ఇక్కడి టవర్లు చేసే కన్సల్టెంట్లూ ఉన్నారు. రెండూ టవర్లే గానీ కోడ్ (డిజైన్‌కు పాటించాల్సిన నిబంధనల పుస్తకం) వేరు, కోడ్ వేరైతే సాఫ్ట్‌వేర్ కూడా వేరవుతుంది. ఇది తేలకుండా ఐదూ నేర్చుకోవడమంటే ఏ ఊరు వెళ్లాలో తెలియకుండా ఐదు బస్సులకు టికెట్లు కొనడమే.

అమెరికా పని అయితే అక్కడ టీఐఏ-222 అనే స్టాండర్డ్ నడుస్తుంది, దానికి ఎక్కువ మంది వాడేది టీఎన్‌ఎక్స్‌టవర్ (పాతవాళ్లు ఇప్పటికీ రీసాటవర్ అంటారు, అప్పట్లో దాని పేరు అదే). యాంటెన్నాలు బిగించే ఫ్రేముల్ని మౌంట్లు అంటారు, వాటి లెక్కకు రీసా-3డీ. మీ శాఖలో ఉన్నట్టు వీధి స్తంభాల మీద ఫైబర్ కేబుల్ వేస్తే ఆ స్తంభం ఆగుతుందా లేదా అని చూసే పని మళ్లీ వేరు, దానికి ఓ-కాల్క్, స్పైడాకాల్క్. మన దేశంలో టెలికాం టవర్లకు స్టాడ్ ప్రో బాగానే నడుస్తుంది, చాలా ఏళ్లుగా ఎంఎస్ టవర్ వాడిన కన్సల్టెంట్లూ ఉన్నారు. పీఎల్ఎస్-టవర్ అనేది ప్రధానంగా మీకు తెలిసిన 132 కేవీ, 220 కేవీ లైన్ టవర్ల కోసం. ఈ జాబితా మొత్తం బట్టీ పట్టనక్కర్లేదు. తను చేరాలనుకున్న కంపెనీల ఉద్యోగ ప్రకటనలు ఓ పది తెరిచి ఏ పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే చాలు.

టవర్లకు స్టాడ్ పనికిరాదన్న మాట సగమే నిజం. స్టాడ్ అనేది అన్ని రకాల కట్టడాలకూ పనికొచ్చే సాఫ్ట్‌వేర్, టవర్ అని దానికి ప్రత్యేకంగా తెలియదు. గాలి ఒక్కో ప్యానెల్‌లో (టవర్ ఎత్తులో ఒక్కో భాగం) ఎంత ఇనుముకు తగులుతుంది, యాంటెన్నాకు ఎంత, మైక్రోవేవ్ డిష్‌కు ఎంత, కేబుళ్లకు ఎంత, ఇదంతా మనమే ఎక్సెల్‌లో లెక్కేసి దానికి ఇవ్వాలి. టీఎన్‌ఎక్స్‌టవర్‌లో అయితే టవర్ కొలతలు, బ్రేసింగ్ (అడ్డ, ఏటవాలు కడ్డీల) రకం, కేబుళ్లు, డిష్‌లు ఇస్తే గాలి లెక్క అదే వేసుకుని ఏ మెంబర్ (ఒక్కో ఇనుప కడ్డీ) తన బలంలో ఎంత శాతం వాడకంలో ఉందో చెప్పేస్తుంది. పని తొందరగా అవుతుంది, నిజమే. కానీ ఆ లెక్క ఒక్కసారైనా చేత్తో చేయని పిల్లలకు, అది తప్పు చెప్పినప్పుడు తప్పని తెలియదు.

నా సంగతే చెప్తాను. కౌన్సెలింగ్‌లోకి రాకముందు కొన్నాళ్లు టవర్ డిజైన్ ఆఫీసులో పనిచేశాను. నా మొదటి 40 మీటర్ల టవర్, మోడల్ చూడముచ్చటగా వచ్చింది, స్టాడ్ ఇచ్చిన బేస్ రియాక్షన్లు (టవర్ కాళ్ల దగ్గర నేల మీద పడే బలాలు) నా ఎక్సెల్ షీట్‌తో కిలో తేడా లేకుండా సరిపోయాయి, నేను కాలర్ ఎగరేస్తున్నాను. మా సీనియర్ రెండు నిమిషాలు ప్రింటవుట్ చూసి పెన్సిల్ పక్కన పెట్టి, "ఈ టవర్ ఎవరూ ఎక్కరా?" అన్నారు. నిచ్చెన లేదు! నిచ్చెన, దాని పక్కన కేబుళ్లు, వాటికి తగిలే గాలి ఏదీ లెక్కలో లేదు. ఎక్సెల్‌లోనూ లేదు, స్టాడ్‌లోనూ లేదు, అందుకే రెండూ అంత చక్కగా సరిపోయాయి.

ఇంకో ఉదాహరణ, మన కోస్తాకు సంబంధించినది. గాలి లెక్కకు మన కోడ్ ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం గాలి వేగం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విశాఖకు 50. చూడ్డానికి ఆరే తేడా. కానీ ఒత్తిడి వేగం వర్గాన్ని (స్క్వేర్) బట్టి పెరుగుతుంది కాబట్టి అక్కడే 29 శాతం ఎక్కువ. పైగా 2015లో కోడ్ మార్చినప్పుడు తూర్పు తీరం వెంట 60 కిలోమీటర్ల మేర తుపాను ప్రాంతంలో గాలి వేగానికి ఇంకో గుణకం పెట్టారు, కమ్యూనికేషన్ టవర్ల లాంటి వాటికి అది 1.3. దాన్నీ వర్గం చేస్తే 1.69. రెండూ కలిస్తే విశాఖ టవర్ మీద హైదరాబాద్ టవర్‌కు రెట్టింపు పైనే ఒత్తిడి. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఫోన్లు మూగబోవడం మీరూ చూసే ఉంటారు. 2015కు ముందు పాత కోడ్‌తో కట్టిన టవర్ల మీద ఇప్పుడు 5జీ యాంటెన్నాలు పెడుతున్నారు, వాటిని మళ్లీ చెక్ చేయాలి. కొత్త టవర్ డిజైన్ కన్నా ఇలా పాత టవర్ ఆగుతుందా లేదా అని చూసే పనే ఎక్కువ, మీ అమ్మాయికి ముందు దొరికేదీ బహుశా అదే.

విశాఖ గాలి వేగం 50ని ఇలాగే తీసుకెళ్లి టీఐఏ-222 కొత్త వెర్షన్లలో కొడితే? సాఫ్ట్‌వేర్ మారు మాట్లాడకుండా తీసుకుంటుంది. మన వేగం 50 ఏళ్లకోసారి వచ్చే గాలి, దానిమీద తర్వాత 1.5 లోడ్ ఫ్యాక్టర్ (భద్రత కోసం బలాన్ని పెంచే గుణకం) వేస్తాం. వాళ్లది మామూలు కట్టడాలకే 700 ఏళ్లకోసారి వచ్చే గాలి, దానిమీద ఇంక ఫ్యాక్టర్ 1 మాత్రమే. యూనిట్లు మార్చి గంటకు 112 మైళ్లు అని పెట్టినా, మన 1.5 దానిమీద పడదు కాబట్టి టవర్ బలహీనంగా వస్తుంది. ఇంటర్వ్యూలో నేనైతే ఇదే అడుగుతాను. ఆ కోచింగ్ సెంటర్ వాళ్లనూ ఇదే అడిగి చూడండి, జవాబును బట్టి మీకే అర్థమవుతుంది. అలాగే వాళ్ల దగ్గరున్నవి లైసెన్స్ కాపీలా, క్రాక్ కాపీలా అని కూడా.

ఇక ఇప్పుడేం చేయాలి అంటే, స్టాడ్ తయారుచేసే బెంట్లీ కంపెనీ వాళ్లు విద్యార్థులకు స్టాడ్ ఉచితంగా ఇస్తారు, కాలేజీ మెయిల్‌తో తీసుకోమనండి. విశాఖలో నాలుగు కాళ్ల 40 మీటర్ల టవర్ ఒకటి అనుకుని, గాలి లెక్క మొత్తం ఎక్సెల్‌లో తానే వేసి, స్టాడ్‌లో పెట్టి, రెండూ సరిపోల్చమనండి. యాంగిల్ మెంబర్ల (ఎల్ ఆకారపు ఇనుప కడ్డీల) డిజైన్‌కు ఐఎస్ 802 చూడాలి, అది కరెంటు లైన్ టవర్ల కోడే అయినా టెలికాం వాళ్లూ వాడుకుంటారు. నెల పడుతుంది. తర్వాత ఫౌండేషన్. టీఎన్‌ఎక్స్‌టవర్ లాంటివి కంపెనీలో చేరాక వాళ్ల లైసెన్స్ మీదే వాళ్లే నేర్పుతారు, పునాది గట్టిగా ఉన్న మనిషికి రెండు మూడు వారాల్లో చేయి తిరుగుతుంది.

అమెరికా పని ఎంచుకుంటే ఒక్కటి ముందే తెలిసుండాలి: రిపోర్ట్ మీద సీల్ వేసేది అక్కడ పీఈ (ప్రొఫెషనల్ ఇంజనీర్) లైసెన్స్ ఉన్న ఇంజనీరే. ఇక్కడ మీ అమ్మాయి ఎంత బాగా చేసినా సంతకం తనది కాదు. జీతం పరంగా అది తప్పేమీ కాదు గానీ, ఏళ్ల తరబడి బటన్లు నొక్కుతూ ఉండిపోయిన వాళ్లను చూశాను కాబట్టి చెప్తున్నాను.

టవర్ ఎక్కాల్సిన పని లేదు, డిజైనర్ కుర్చీ ఆఫీసులోనే. కొలతలు తీసేది ఎక్కే టీమ్, ఈ మధ్య డ్రోన్లు కూడా. కింద నిలబడి ఒక్కసారైనా దగ్గరగా చూస్తే మంచిది. అన్నట్టు, అమెరికాలో తీగలతో లాగి నిలబెట్టిన టవర్లు చాలా ఉంటాయి. ఆ తీగ లాగుడుకే పనికొస్తుంది, నొక్కితే వదులైపోతుంది, అందుకే మొదట్లోనే తెగే బలంలో దాదాపు పదో వంతు బిగించి ఉంచుతారు. పుస్తకంలో ఇది అర్థం కాక పిల్లలు తల పట్టుకుంటారు. మీరు ఇన్నేళ్లు స్టే వైర్లు బిగించారు కదండీ, ఒక సాయంత్రం తనను వీధి చివర స్తంభం దగ్గరకు తీసుకెళ్లి చూపించండి.

ఎక్సెల్ షీట్ తయారయ్యాక నాకు పంపమనండి. నిచ్చెన ఉందో లేదో చూస్తాను.