సోలార్ పెట్టాక బిల్లు పెరిగిందా? ముందు మీటరు చూడండి

పర్లాకిమిడిలో 3 కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టించాక బిల్లు పెరిగిందన్నారు కదండీ, తేడా బహుశా మీటరులో ఉంది. పాత డిజిటల్ మీటర్లలో చాలావాటికి కరెంటు ఏ వైపు పోతోందో పట్టదు, ఇంట్లో వాడగా మిగిలి మీరు లైనుకి పంపిన యూనిట్లనీ వాడకంలోనే కలిపేస్తాయి.

1. మంచి ఎండలో, సోలార్ ఆన్‌లోనే ఉంచి, ఫ్రిజ్‌తో సహా ఇంట్లో అన్నీ ఆపి, మీటరు రీడింగు ఫొటో తీయండి.

2. అరగంటాగి మీటరు చూసి మళ్లీ ఫొటో తీయండి. అందరూ వదిలేసేది ఇదే, సోలార్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) తెర మీద యూనిట్లు చూసి సరిపెట్టుకుంటారు. అన్నీ ఆపినా మీటర్లో యూనిట్లు పెరుగుతున్నాయంటే దొంగ దొరికినట్టే.

3. ఆ రెండు రీడింగుల ఫొటోలు జతచేసి, నెట్ మీటరు (వచ్చిన, పంపిన యూనిట్లని విడిగా లెక్కించేది) కోసం కరెంటాఫీసులో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

నెట్ మీటరు వచ్చేదాకా మోటారు, వాషింగ్ మెషీన్ మధ్యాహ్నమే వేయండి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు సోలార్ ఆపేయండి.