లోయలోకి వెళ్లే ముందు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి, ఆశీస్సులు.

సెప్టెంబరు మొదటి వారంలో పన్నెండు మంది బృందంతో టెంపో ట్రావెలర్‌లో హిమాచల్‌లోని సిమ్లా నుంచి కిన్నౌర్, స్పితి లోయలు తిరిగి మనాలీలో దిగుతున్నావనీ, వచ్చాక పెద్ద వ్యాసం రాస్తావనీ తెలిసి సంతోషం. ఎలా మొదలుపెట్టాలి అని అడిగావు. దానికి ఇప్పుడే బెంగ వద్దు. గైడ్ వెంట వెళ్లే ప్రయాణంలో వేరే చిక్కుంది. ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో, ఎవరింట్లో తినాలో నీకంటే ముందే ఎవరో తేల్చేశారు. ఎందుకలా తేల్చారో తెలుసుకోకుండా రాస్తే నీ వ్యాసం టూర్ కంపెనీ కరపత్రానికి రెండో భాగంలా తయారవుతుంది. తెలుసుకుంటే, వాళ్లిచ్చిన కార్యక్రమం కాగితమే నీ వ్యాసానికి ఎముకల గూడు అవుతుంది.

ముందు ఆ కాగితం తీసి ప్రతి రాత్రి మకాం పక్కనా ఎత్తు రాసుకో. సిమ్లా సుమారు 2,200 మీటర్లు, కల్పా 2,960, నాకో 3,660, తాబో 3,280, కాజా 3,650 దాకా, కుంజుం కనుమ 4,551. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తు రాత్రికి 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది పర్వతారోహకుల్ని చూసే వైద్యుల లెక్క. ఈ లెక్కతో కాగితం మళ్లీ చదువు. కల్పా నుంచి నాకోకు ఒకేసారి 700 మీటర్లు. అందుకే జాగ్రత్త తెలిసిన గైడ్ నాకోలో చెరువు చూపించి, భోజనం పెట్టించి, రాత్రికి తాబోకు దింపేస్తాడు. అక్కడ పడుకుంటే పెరిగేది 320 మీటర్లే. “నాకోలో ఒక్క రాత్రైనా ఉండనివ్వలేదు” అని బస్సులో సణిగేవాళ్లు ఉంటారు. ఆ సణుగుడూ, దాని వెనక ఉన్న లెక్కా పక్కపక్కన పెడితే అదొక మంచి పేరా.

సిమ్లా వైపు నుంచి ఎక్కి మనాలీ వైపు దిగడంలో ఉన్న తెలివి కూడా ఇదే. తిరగేసి వెళ్తే 2,050 మీటర్ల మనాలీ నుంచి కుంజుం మీదుగా ఒక్క రోజులో కాజా చేరాలి. మర్నాడు తలపోటు, వికారం, నిద్ర లేదు. “కాజాలో చూడ్డానికేం లేదు” అని రాసినవాళ్లలో చాలామంది ఆ స్థితిలో చూసినవాళ్లే అయ్యుంటారని నా అనుమానం. డయామాక్స్ (ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే మాత్ర) వేసుకోవాలా వద్దా అన్నది ఊళ్లోనే డాక్టర్ని అడుగు, సల్ఫా మందులు పడకపోతే తప్పకుండా చెప్పు. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, నడక తూలుతున్నా పరిశీలన కట్టిపెట్టి కిందికి దిగడమే. అప్పుడు నోట్సు అక్కర్లేదు.

సామాను సంగతి క్లుప్తంగా. ఫౌంటెన్ పెన్ను వద్దు, ఎత్తు పెరిగేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గి సిరా కక్కుతుంది. చిప్స్ ప్యాకెట్లు బుడగల్లా ఉబ్బేదీ అందుకే. పెన్సిలు పట్టుకెళ్లు. ఫోన్ బ్యాటరీ చలికి పడిపోతుంది, రాత్రి దుప్పట్లోనే పెట్టుకో. కదులుతున్న బండిలో వంగి రాస్తే రెండో మలుపులోనే వాంతి. అద్దం మూసి అర నిమిషం మాటలు రికార్డు చేసుకో (అద్దం తెరిస్తే గాలి హోరు తప్ప ఏమీ వినపడదు), ఆగినచోట కాగితం మీదికి ఎక్కించు. ప్రతి ఆగుడుకూ నాలుగు ముక్కలు చాలు: టైము, ఎత్తు, డ్రైవర్ ఏం చేశాడు, ఎవరేమన్నారు. రంగులూ మబ్బులూ ఫోటోలో ఎలాగూ ఉంటాయి. రోజులో కొంతసేపైనా డ్రైవర్ పక్క సీటు అడిగి తీసుకో. ఈ దారి గురించి గైడ్ కంటే ఎక్కువ తెలిసింది అతనికే, అడిగేవాళ్లే ఉండరు.

అతన్ని గమనించాల్సిన రోజు చివర్లో వస్తుంది. కాజా నుంచి తెల్లవారుజామునే బయల్దేరదీస్తాడు. బృందంలో సగం మంది విసుక్కుంటారు. కుంజుం దాటి బాతల్, ఛత్రు మీదుగా గ్రామ్ఫూ దాకా దారిని కోస్తూ వాగులు పారతాయి, వాటిని అక్కడ నాలాలంటారు. పొద్దెక్కేకొద్దీ పైన మంచు కరుగుతుంది, ఆ నీళ్లు దారి దాకా దిగేసరికి మధ్యాహ్నం దాటుతుంది. పొద్దున చీలమండ లోతున్న నాలా మూడు గంటలకు బంపరు తాకొచ్చు. నీటి లోతు కంటే ప్రమాదం అడుగున దొర్లే రాళ్లతో. పొద్దున పోయిన బండి జాడలో ఇప్పుడు బండరాయి ఉండొచ్చు, బురద నీళ్లలో కనపడదు. డ్రైవర్ దిగి, ముందు బండి ఎటు నుంచి ఎక్కిందో చూస్తాడు. అవసరమైతే జనాన్ని దింపేస్తాడు. ఫస్ట్ గేరులో దిగి అవతలి ఒడ్డు ఎక్కేదాకా క్లచ్ ముట్టడు, మధ్యలో గేరు మార్చడు. ఇవన్నీ చూసి రాస్తే “ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని” అన్న మాట నీకు అవసరం పడదు. ఫలహారం దగ్గర ముప్పావు గంట, ఫోటోల కోసం మరో గంట పోగొట్టుకున్న బృందాలే నాలా దగ్గర ఇరుక్కుంటాయి. అందుకే టైములు రాసుకోమన్నది.

కుంజుం మీద బళ్లు అమ్మవారి గుడి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి సాగుతాయి. గైడ్ దాన్ని ఆచారం అంటాడు. కొత్తవాళ్లు మూఢనమ్మకం అంటారు. నువ్వు రెండూ రాయకు. బండి ఏ వైపు నుంచి తిరిగింది, స్టీరింగ్ మీది చెయ్యి నుదుటికి వెళ్లిందా, లోపల మాటలు ఆగాయా అన్నది రాయి.

దారి పొడుగునా ఒకే వస్తువును వెంబడించే పద్ధతి ఒకటుంది. ఇళ్ల కప్పులు చూస్తూ వెళ్లు. సట్లెజ్ లోయ కింది భాగంలో సరహన్ భీమాకాళి గుడి దగ్గరా, బస్పా లోయలో సాంగ్లా దగ్గరా కప్పులు వాలుగా ఉంటాయి, పలక రాళ్లతో. గోడల్లో రాయి ఒక వరస, దేవదారు దుంగ ఒక వరస. ఖాబ్ దగ్గర స్పితి నది సట్లెజ్‌లో కలుస్తుంది. అది దాటి పైకెక్కాక కొండలు బోడివైపోతాయి, కప్పులు బల్లపరుపుగా మారతాయి, మట్టితో. అంచుల్లో ఎండు చితుకులు పేర్చి ఉంటాయి, చలికాలానికి వంటచెరకు. కారణం ఒకటే, రుతుపవన మేఘాలు కింది కొండల దగ్గరే ఆగిపోతాయి. వాన పడని చోట వాలు కప్పు ఎందుకు? భౌగోళిక పాఠం చెప్పకుండానే పాఠకుడికి లోయ మారిందని తెలుస్తుంది. ఈ పొడి చలే స్పితి వాళ్ల మరుగుదొడ్డినీ తీర్చిదిద్దింది. మేడ మీద గదిలో ఒక కంత, పక్కన మట్టి గుట్ట, పార. శీతాకాలం గొట్టాల్లో నీళ్లు గడ్డకడతాయి కాబట్టి నీళ్లతో పనిలేని ఏర్పాటు, ఆ ఎరువు వసంతంలో పొలానికి. మనవాళ్ల యాత్రా వ్యాసాల్లో దీని మీద జోకులు చాలా వచ్చాయి, ఇంకోటి వద్దు.

తాబో గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే చాలామంది అక్కడే జారిపడతారు. 996లో కట్టిన బౌద్ధ విహారం అది, అనువాదకుడు రించెన్ జాంగ్‌పో పేరుతో ముడిపడింది. బయటికి మట్టి గోడలే, గోదాముల్లా ఉంటాయి. లోపల ఫోటో తీయనివ్వరు. “హిమాలయాల అజంతా” అంటాడు గైడ్. అందరూ అదే రాశారు, నువ్వు మానెయ్యి. లోపలికి అడుగుపెట్టగానే ఏమీ కనపడదు. బయటి ఎండ కళ్లలో ఇంకా ఉంటుంది. ఐదారు నిమిషాలు కదలకు. తర్వాత గోడకు ఎత్తులో అమర్చిన మట్టి విగ్రహాలు ఒక్కొక్కటీ ముందుకొస్తాయి, ముప్పైకి పైగా. అన్నీ చూడాలనుకోకు. ఒక్క విగ్రహం ఎంచుకుని, బృందం బయటికి పోయేదాకా దాని ముందే నిలబడు. చేతుల భంగిమ, రంగు ఏది మిగిలింది ఏది వెలిసింది, పెచ్చు ఊడినచోట లోపల ఏముంది, వెనక గోడ మీది చిత్రం భుజం దగ్గర ఎక్కడ తెగింది. బయటికి రాగానే, ఎవరితోనూ మాట్లాడకముందే, పెన్సిల్‌తో బొమ్మ గీసుకో. బొమ్మ వంకరగా ఉన్నా పర్వాలేదు, గీసేటప్పుడు గుర్తురానిది నువ్వు చూడలేదన్నమాట.

ఇక గైడ్ మాటల విషయం. నోట్‌బుక్కులో పేజీని మూడుగా విడగొట్టు: నేను చూసింది, ఒకరు చెప్పింది, తర్వాత సరిచూసుకున్నది. గ్యూ ఊళ్లో కూర్చున్న భంగిమలో ఒక బౌద్ధ సన్యాసి మమ్మీ ఉంది. నువ్వు చూసేది గాజు పెట్టె, నల్లబారిన చర్మం, పళ్లు. జుట్టూ గోళ్లూ ఇంకా పెరుగుతున్నాయని చెబుతారు, అది రెండో గడి. రేడియో కార్బన్ పరీక్షలో సుమారు 500 ఏళ్ల నాటిదని తేలింది, అది మూడో గడి. మూడింటినీ కలిపేసి ఒకే వాక్యంలో పోశావా, నీ మాట ఇంకెవరూ నమ్మరు. రెండో గడిని చెరిపేసినా నష్టమే, ఊరు తన గురించి తాను చెప్పుకునేది అందులోనే ఉంది. కోమిక్‌లో, హిక్కిం తపాలా కార్యాలయం దగ్గర “ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తయినది” అన్న తరహా రాతలు కనిపిస్తాయి. “అని రాసి ఉంది” అన్న మూడు మాటలు చేర్చు, చాలు.

మనుషుల్ని ఏం అడగాలో చాలామందికి తెలియదు. “మీ జీవితం ప్రశాంతంగా ఉంటుందా?” అని అడిగితే అవునంటారు, నువ్వు వినాలనుకున్నదే వాళ్లు చెబుతారు. “ఈ ఏడు బఠాణీకి ధర ఎంత పలికింది? లారీ ఎప్పుడొచ్చింది?” అని అడుగు. పచ్చి బఠాణీ స్పితిలో డబ్బు తెచ్చే పంట. మంచు కరిగిన నీళ్లు సన్న కాలవల్లో వంతులవారీగా వస్తాయి, ఎవరి వంతు ఎప్పుడన్నది పెద్ద సంగతి. పాత కట్టుబాటు ప్రకారం ఇల్లూ పొలమూ పెద్దకొడుక్కి, తమ్ముళ్లలో కొందరు విహారానికి. ఇప్పుడు ఇంట్లో గదులు యాత్రికులకు అద్దెకిస్తున్న కాలంలో ఆ లెక్క ఎలా మారిందన్నది మంచి ప్రశ్న, కానీ మొదటి టీ కప్పు దగ్గర అడిగే ప్రశ్న కాదు. చేను కోస్తున్నవాళ్లను ఆపకు. ఫోటోకు ముందు అడుగు. “జులే” అన్న ఒక్క మాటతో పలకరింపు, వీడ్కోలు రెండూ నడుస్తాయి. మంత్రాలు చెక్కిన మణి రాళ్ల గోడ ఎదురైతే దాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని నడువు.

ఎక్కడి నుంచి వచ్చావంటే హైదరాబాద్ అని ఊరుకోకు, అమరావతి పేరు కూడా చెప్పు. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని బోధించింది ధాన్యకటకంలో, అంటే అమరావతి దగ్గరేనని టిబెటన్ సంప్రదాయం. లాసా దగ్గరి డ్రెపుంగ్ విహారానికి ఆ పేరు మన ధాన్యకటకాన్ని బట్టే వచ్చింది. దలైలామా కాలచక్ర దీక్ష 1996లో తాబోలో, 2000లో స్పితిలోనే ఉన్న కీ విహారంలో, 2006లో అమరావతిలో జరిగింది. నీకు అది దూరపు లోయ. అక్కడి ముసలి లామాకు మన ధాన్యకటకం చిన్నప్పటి నుంచీ విన్న పేరు కావచ్చు. అది చెప్పి ఊరుకో, ఆ తర్వాత ఆయన్నే మాట్లాడనివ్వు.

తిరిగొచ్చాక వారం రోజులు ఏమీ రాయకు, మూడో గడి నింపుకో. ఆ తర్వాత రోజుల వరసలో రాయాల్సిన పని లేదు. కప్పులు ఒక ముక్క, నాలా ఒక ముక్క, నాకో-తాబో సణుగుడు ఒక ముక్క, విడివిడిగా రాసి ఏది ముందుకు రావాలో అప్పుడు చూడు. అద్భుతం, స్వర్గం, అమాయక ప్రజలు లాంటి మాటలు తగిలినచోటల్లా ఆగి, అక్కడ నువ్వు నిజంగా ఏం చూశావో నోట్‌బుక్కులో వెతుకు. దొరక్కపోతే ఆ వాక్యం కొట్టెయ్యి. నీతో వచ్చిన పన్నెండు మందినీ మాయం చేసి ఒంటరి యాత్రికురాలిలా రాయకు, బండిలో వాసనతో సహా వాళ్లూ ఆ లోయలో ఉన్నారు.

నాకు మాత్రం ముందు తాబో పేజీ పంపు, ఆ వంకర బొమ్మతో పాటు.

ఆశీస్సులతో.