ఏజెంటు మ్యాపులో రైలు గీత

ప్రశ్న: ఈ మధ్యే డాలస్ వచ్చాం. ఆఫీసు ప్లేనోలో. ఫ్రిస్కో పైన, 380 హైవే దగ్గర కొత్త కమ్యూనిటీలో ఇల్లు చూస్తున్నాం. కొన్నేళ్ళలో ఇటు రైలు వస్తుందని, 380 ఫ్రీవే అయిపోతుందని ఏజెంటు అంటున్నారు. అంతదాకా ఒక్క కారుతో సరిపెట్టుకోవచ్చా?

జవాబు: రెండో కారుకి డబ్బు పక్కన పెట్టుకోండి. రైలొస్తే మంచిదే, కానీ దాన్ని నమ్ముకుని ఇల్లు కొనకండి.

ఎందుకంటారా? ప్లేనోలో ఒక షాపు బిల్లు, ఫ్రిస్కోలో ఒక షాపు బిల్లు పక్కపక్కన పెట్టి చూడండి. రెండింట్లోనూ సేల్స్ టాక్స్ 8.25 శాతమే. అందులో 6.25 రాష్ట్రానిది. మిగతా 2 శాతం స్థానికంగా వేసుకునేది, అంతకు మించడానికి టెక్సస్ చట్టం ఒప్పుకోదు. ప్లేనోలో ఆ రెండింట్లో ఒక శాతం డార్ట్‌కి పోతుంది. డాలస్ చుట్టుపక్కల బస్సులూ రైళ్ళూ నడిపే సంస్థ అదే. ఫ్రిస్కో ఆ ఒక శాతాన్ని చెరిసగం చేసి తన అభివృద్ధి సంస్థలు రెండింటికి ఇచ్చుకుంటుంది. డార్ట్‌లో చేరాలంటే ఆ డబ్బు అక్కణ్ణుంచి తీసి ఇటు పెట్టాలి, జనం చేత ఓటేయించాలి. ఏ మేయరుకైనా తేలిగ్గా తెమిలే పని కాదది.

మరి ఏజెంటు చెప్పేది అబద్ధమా అంటే, అదీ కాదు. ఫ్రిస్కో గుండా గూడ్సు రైలు పట్టాలున్నాయి. వాటి మీద ప్యాసింజర్ రైలు నడపాలన్న ఆలోచన ప్రాంతీయ ప్రణాళికల్లో చాన్నాళ్ళుగా ఉంది. మ్యాపులో మీకు చూపించే గీత బహుశా అదే. ఆలోచనకీ స్టేషనుకీ మధ్య ఎంత దూరం ఉంటుందో సిల్వర్ లైన్ అనే డార్ట్ రైలు మార్గం చూస్తే తెలుస్తుంది. ఆ పాత పట్టాల దారిని డార్ట్ 1990లోనే కొంది. ప్లేనో నుంచి డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టుకి రైలు కదిలింది 2025 అక్టోబరులో. స్థలం చేతిలో ఉండి, ఊళ్ళు పన్ను కడుతూ ఉన్నా 35 ఏళ్ళు!

అలాగని ప్లేనోలో స్టేషను పక్కన కొనుక్కుంటే నిశ్చింత అనుకోవద్దు. రైలు మొదలైన మరుసటి నెలలోనే ప్లేనో, ఇర్వింగ్ లాంటి కొన్ని ఊళ్ళు, అసలు డార్ట్‌లో కొనసాగాలా వద్దా అని జనాన్నే అడుగుదామని ఎన్నికకు తీర్మానం చేశాయి. మేమిచ్చేది కొండంత, మాకు దక్కేది గోరంత అన్నది వాళ్ళ వాదన. అందులో కొంత న్యాయం ఉంది. కాకపోతే రైలు ఊరి పొలిమేర దగ్గర ఆగిపోతే ఎవరికి ఉపయోగం? ఏ ఊరైనా డార్ట్ నుంచి బయటికొస్తే అక్కడ దాని సర్వీసు ఆగిపోతుంది, పాత అప్పులో వాటా తీరేదాకా పన్ను మాత్రం పోతూనే ఉంటుంది.

380 సంగతి వేరు. అది హైవే కాబట్టి రాష్ట్రం డబ్బు పెడుతుంది. ఏ గీతనైనా ఇలా పరీక్షించండి. ఈ ప్రాంతం మొత్తానికీ ప్రణాళిక వేసేది ఎన్‌సీటీసీఓజీ. దాని దగ్గర రెండు పత్రాలుంటాయి. ఒకటి దీర్ఘకాలిక ప్రణాళిక, 2025లో ఆమోదించిన 'మొబిలిటీ 2050'. అందులో ఉందంటే ఎప్పుడో చేద్దామనుకుంటున్నారని. రెండోది టిప్ అని పిలిచే నాలుగేళ్ళ జాబితా. అందులో ఏ పనికి, ఏ ఏడాది, ఏ పద్దు నుంచి ఎంత అనేది రాసి ఉంటుంది. అక్కడ కూడా డిజైనుకి డబ్బిచ్చారా, స్థలసేకరణకా, నిర్మాణానికా అని చూడండి. డిజైనుకి మాత్రమే ఉంటే మీ పిల్లలు హైస్కూలు దాటినా ఆశ్చర్యం లేదు. పనిలో పనిగా 380కి వేసే బైపాస్ ఎటు పోతుందో కూడా చూసుకోండి. మెకిన్నీ దగ్గర దారి 2023లో ఖరారైంది. ఇంటి వెనక ఖాళీ స్థలం చూసి మురిసిపోయి, ఆనక అందులోంచే ఫ్రీవే పోతుందని తెలిస్తే ఎవరికైనా టెన్షనే.

ఇక టోల్. ఇన్ని టోల్ రోడ్లేమిటని కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతారు. పెట్రోలు మీద ఫెడరల్ పన్ను గ్యాలనుకి 18.4 సెంట్లు, 1993 నుంచి కదల్లేదు. టెక్సస్ పన్ను 20 సెంట్లు, అది 1991 నాటిది, అందులోనూ పావు వంతు బడులకు పోతుంది. రోడ్డు వేసే ఖర్చు మాత్రం అప్పటి దగ్గర ఆగలేదు కదా. 2008 నుంచి ఫెడరల్ హైవే నిధిని వాషింగ్టన్ ఖజానా డబ్బుతోనే నెట్టుకొస్తున్నారు. పన్ను పెంచుతామనే ధైర్యం ఏ పార్టీకీ లేదు కాబట్టి అప్పుచేసి రోడ్డు వేసి, టోలుతో తీర్చుకుంటున్నారు. మీరు రోజూ ఎక్కబోయే 121 టోల్ రోడ్డునే తీసుకోండి. దాని మీద టోలు వసూలు చేసుకునే హక్కు కోసం 2007లో ఇక్కడి టోల్ రోడ్లు నడిపే సంస్థ ఎన్‌టీటీఏ రాష్ట్రానికి దాదాపు 320 కోట్ల డాలర్లు ముందే కట్టింది. ఆ డబ్బు ఈ ప్రాంతంలోనే వేరే రోడ్లకు వెళ్ళింది. అప్పు తీరాక టోలు ఎత్తేస్తారులే అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. రేట్లు రెండేళ్ళకోసారి, జులైలో పెరుగుతాయి. ఇంటి ఈఎంఐ లెక్క వేసేటప్పుడు ఆఫీసుకి రానూపోనూ టోలు కూడా అందులో కలపండి.

టోలు దానంతటదే కట్టుకునేలా కారు అద్దానికి అంటించే టోల్‌ట్యాగ్‌ని కారు కొన్న వారంలోనే తీసుకోండి, అది లేకపోతే రేటు చాలా ఎక్కువ. బిల్లు కారు రిజిస్ట్రేషన్‌లో ఉన్న అడ్రసుకి వెళ్తుంది. అపార్ట్‌మెంటు మారి అడ్రసు మార్చని కుర్రాళ్ళకు బిల్లులు పేరుకుపోయి, చివరికి రిజిస్ట్రేషన్ రెన్యూవలే ఆగిపోతుంది. ఎలక్ట్రిక్ కారు కొని పెట్రోలు పన్ను తప్పించుకుందామనుకుంటే, దానికీ ఏడాదికి 200 డాలర్ల ఫీజు పెట్టారు. కొత్త కారుకైతే రెండేళ్ళది ఒకేసారి 400.

ఆఖరుగా ఒక మాట, మీరడక్కపోయినా. మనవాళ్ళు వీసా మీద ఉన్నాం, ఓటు లేదు, మనకెందుకులే అనుకుంటారు. డార్ట్ ఎన్నికలో ఓటు లేదు, నిజమే. కానీ టిప్ మీదా, 380 లాంటి పనుల మీదా అభిప్రాయాలు అడిగినప్పుడు పౌరసత్వం చూడరు. 'ట్రాఫిక్ ఎక్కువగా ఉంది' అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఏ సిగ్నల్ దగ్గర, పొద్దున ఎన్నింటికి, ఎడమకు తిరిగే లేన్ ఎంత దూరం నిండిపోతోందో రాయండి. వీలైతే ఫొటో కూడా జతచేయండి. చిన్న మార్పులు, అంటే సిగ్నల్ టైమింగ్, టర్న్ లేన్, కాలిబాట లాంటివి, తక్కువ ఖర్చుతో అయ్యేవి కాబట్టి ఇంజినీర్లు వాటినే ముందు అందుకుంటారు.